ముందు ఎత్తుటకు వెనుక బరువు
ట్రాక్టరు లోడరు వాడు సంఘ సభ్యులకు మనవి
ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు వ్రాసినది

కావడి మోయువానిని చూడని రైతు మనలో నుండడు. ఒక వైపు కుండ నిండుగ నుండి, రెండవ వైపు కుండ ఒట్టిదైనచో, వాడు ఆ ఒట్టి వైపున ఒక రాయినైనను కట్టుకొని బయలుదేరును గాని అట్లే భుజముపై నెత్తుకొనడు. బండి తోలువాడును అంతియే. బస్తాలను ఇరుసునకు ముందు వెనుకల సరిచూచి వేయును. ముందు మొగ్గు హెచ్చినచో కాడి ఎద్దుల మెడలపై బడి వానిని క్రుంగదీయును. వెనుక మొగ్గు హెచ్చినచో నొగ పైకి లేచి మెడపలుపులు ఎద్దుల గొంతులను బిగించును. ఈ సంగతిని మన తాతలు ఏ పాఠశాలలోను నేర్వలేదు. ఎద్దుల బాధను చూచి నేర్చిరి.

అట్టి తెలివిగల రైతే ట్రాక్టరుపై గూర్చుండి, ముందు లోడరుతో తడి యెరువునో, బండరాళ్లనో, మట్టినో ఎత్తునపుడు ఈ కావడి న్యాయమును మఱచుచున్నాడు. ఎద్దు బాధపడినచో నిలిచిపోవును, ట్రాక్టరు నిలువదు. ఇంజనుకు బలమున్నంతవరకు, హైడ్రాలిక్ నూనెకు ఒత్తిడి యున్నంతవరకు అది ఎత్తుచునే యుండును. ఎత్తగలుగుట వేఱు, ఎత్తి నిలువగలుగుట వేఱు. ఈ భేదమును మన సభ్యులకు విశదపఱచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పాత భయము, క్రొత్త భయము

ట్రాక్టరు పుట్టినప్పటినుండియు సమతూకపు చిక్కు దానిని వెన్నాడుచునే యున్నది. 1917వ సంవత్సరమునుండి అమెరికాలో విరివిగా తయారైన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు, నాగలి భూమిలోని బండకు తగిలి నిలిచిపోయినపుడు, ముందు భాగము పైకి లేచి నడుపువానిపై తిరుగబడుటకు పేరుపడినది. ఐర్లండు దేశమున జన్మించిన హారీ ఫెర్గూసన్ అను నతడు నాగలిని మూడు లంకెలతో ట్రాక్టరునకు కూర్చి, హైడ్రాలిక్ బలముతో దానిని నడపు విధానమును కనిపెట్టి 1926లో పేటెంటు పొందెను. నేడు మనము గొఱ్ఱును, రోటవేటరును తగిలించు వెనుక చేతులు ఆ విధానమునుండి వచ్చినవే. మన దేశమున ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదున ఐషర్ కంపెనీవారిచే ప్రారంభమైనపుడును, ఆ తరువాత చాల కాలము వఱకును, ట్రాక్టరనగా దున్నుటకు, దమ్ము చేయుటకు, ట్రక్కు లాగుటకు మాత్రమే యని రైతు తలంచెను. ఈ పనులన్నిటను లాగుడు వెనుకనే యుండుటచేత ముందు భాగము లేచునేమో యన్న భయ మొక్కటియే వానికి తెలియును.

లోడరు తగిలించినపుడు ఈ భయము తలక్రిందులగును. ఇపుడు బరువు ముందున్నది, లేచునది వెనుక. వెనుకకు తిరిగి చూడని డ్రైవరునకు ఆ లేచుట తెలియనే తెలియదు.

లెక్క చెప్పు నిజము

నేను చదివిన మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయుడు కొలబద్దను పెన్సిలుపై అడ్డముగా నిలిపి, ఒక కొనపై గులకరాయి పెట్టి, రెండవ కొనపై ఎన్ని గింజలు పోసిన అది సమముగా నిలుచునో మాచేత లెక్క పెట్టించెడివాడు. ట్రాక్టరు లోడరు లెక్కయు అదియే. కొలబద్ద ట్రాక్టరు, పెన్సిలు ముందు ఇరుసు, గులకరాయి బకెట్టులోని బరువు.

లెక్క సులభముగా నుండుటకై ఒక ట్రాక్టరును ఊహింతము. దాని బరువు 2,000 కిలోగ్రాములు; అందు ముందు ఇరుసుపై 800, వెనుక ఇరుసుపై 1,200. రెండు ఇరుసుల నడుమ దూరము 2 మీటర్లు. లోడరు సొంత బరువు 400 కిలోగ్రాములు. అది ముందు ఇరుసునకు అర మీటరు ముందున్నట్లు భావింతము. బకెట్టులో 75 కిలోగ్రాముల ధాన్యపు బస్తాలు పదింటికి సమానమగు తడి యెరువు, అనగా 750 కిలోగ్రాములు, ముందు ఇరుసునకు 1.6 మీటర్ల ముందున్నది.

బరువును దూరముచే గుణించిన, ఎరువునకు 1,200, లోడరునకు 200, వెరసి 1,400. దీనిని ఇరుసుల నడుమ దూరమగు 2 చే భాగించిన 700. అనగా వెనుక ఇరుసుపైనుండి 700 కిలోగ్రాముల బరువు తొలగిపోయినది. మిగిలినది 500 మాత్రమే. ముందు ఇరుసుపై మొదటి 800 నకు లోడరు 400, ఎరువు 750, వెనుకనుండి వచ్చిన 700 చేరి 2,650 కిలోగ్రాము లైనది. మొత్తము 3,150 కిలోగ్రాములలో వెనుక చక్రములు మోయునది ఆఱవ వంతునకు మించదు.

ఈ లెక్క నిలుకడగా నున్న యంత్రమునకే. ఎత్తిన బరువును ఒక్క పెట్టున దించి నడుమ ఆపినను, చక్రము గుంతలో పడినను, బకెట్టులోని బరువు ఆ క్షణమున హెచ్చినట్లే పనిచేయును. అంతియేగాక లోడరు చేతులు నేలకు సమతలముగా నున్నపుడు బరువు ముందు ఇరుసునకు మిక్కిలి దూరముగా నుండును. కావున నేలపై నుండి లేచినది గదా యని నిబ్బరించరాదు. నడిమి యెత్తున వెనుక చక్రములు తేలిపోవచ్చును.

మూడు కీడులు

మొదటి కీడు బ్రేకులది. మనము సాధారణముగా వాడు ట్రాక్టర్లలో బ్రేకులు పనిచేయునది వెనుక చక్రములపైననే. నేలను అదిమి పట్టని చక్రమునకు ఎంత మంచి బ్రేకున్నను ఫలము లేదు. చెఱువు గట్టునుండి దిగునపుడు చక్రము ఆగును గాని ట్రాక్టరు ఆగదు; చక్రము జాఱుచునే పోవును. రెండు చక్రములతో లాగు ట్రాక్టరైనచో లాగు శక్తియు వానిదే గనుక, బురదలో ఎరువు దిబ్బనుండి వెనుకకు రాలేక అక్కడనే త్రిప్పుకొనుచుండును.

రెండవ కీడు ముందు ఇరుసునకు. 800 కిలోగ్రాములు మోయుచుండిన ఇరుసు ఒక్కసారిగ 2,650 మోయవలసివచ్చినపుడు దాని పిన్నులు, బేరింగులు, టైర్లు, స్టీరింగు భాగములు అఱుగును, వంగును, ఒక దినమున విఱుగును. స్టీరింగు బరువైనదని డ్రైవరు మొఱపెట్టుకొనుచుండగా యజమాని గ్రీజు పెట్టించును. గ్రీజుతో తీఱు బాధ కాదది.

మూడవది ప్రాణములకు వచ్చు కీడు. ముందు ఇరుసు ట్రాక్టరునకు నడుమ ఒకే పిన్నుతో తగిలింపబడి, ఎగుడు దిగుడు నేలపై అటు నిటు ఊగుచుండును. కావున ట్రాక్టరు నాలుగు కాళ్ల మంచము కాదు, ముక్కాలిపీట; రెండు వెనుక చక్రములు రెండు కాళ్లు, ముందు పిన్ను మూడవ కాలు. వెనుక రెండు కాళ్లును తేలిపోయినపుడు ఆ భారమంతయు ఒక్క పిన్నుపై నిలుచును. బకెట్టు ఎత్తున నుండగా కొంచెము ప్రక్క వాలు తగిలినను, చటుక్కున మలుపు త్రిప్పినను యంత్రము ప్రక్కకు ఒరిగిపోవును. దూకి తప్పించుకొందునని తలంచువానికి అంత వ్యవధి యుండదు.

నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పుటకు ముందు నా తప్పును ఒప్పుకొనుట న్యాయము. నేను ఉద్యోగమున ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒక గ్రామమున సేంద్రియపు టెరువు ప్రదర్శన ఏర్పాటు చేసితిని. ఎరువు గుంతలోనిది ట్రక్కున కెత్తుటకు ఒక లోడరు ట్రాక్టరును అద్దెకు రప్పించితిమి. దాని వెనుక తగిలించు బరువు పెట్టెను, సందు ఇరుకుగా నున్నదని డ్రైవరు ఇంటివద్దనే విడిచివచ్చెను. మొదటి బకెట్టు ఎత్తగనే వెనుక చక్రములు గంతులు వేసినవి. రైతులు గుమిగూడి చూచుచున్నారు, ప్రొద్దెక్కుచున్నది. పని ఆపి పెట్టెను తెప్పించుటకు బదులు, నేను ఇద్దఱు కూలీలను పిలిచి, వెనుక లింకులపై నెక్కి నిలువుడని చెప్పితిని.

రెండు బకెట్లు బాగుగనే పోయినవి. మూడవది ట్రక్కులో కుమ్మరించినంతనే ముందు భారము తొలగి, తేలియున్న వెనుక భాగము ధబాలున నేలబడెను. ఇద్దఱిలో ఒకడు పట్టు తప్పి క్రిందబడెను. డ్రైవరు ఆపులోపలనే చక్రము అతని కాలిపై నెక్కెను. ఎముక విఱిగినది. ప్రాణము దక్కినది గాని ఆ యేడు నాట్లకును, కోతలకును అతడు పోలేకపోయెను. ఆసుపత్రిలో చూడబోయినపుడు అతడు నన్ను ఒక్క మాటయు ననలేదు. "తమరు ఎక్కమన్నారు, ఎక్కానండి" అని మాత్రము చెప్పెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

తరువాత లెక్క వేసి చూచుకొంటిని. ఇద్దఱు మనుష్యుల బరువు సుమారు 120 కిలోగ్రాములు. వెనుక ఇరుసునకు అర మీటరు వెనుక నిలిచినచో, పైన చెప్పిన ట్రాక్టరునకు వారివలన వెనుక చక్రములపై చేరునది 150 కిలోగ్రాములే. తొలగినది 700, చేరినది 150. ఆ స్వల్ప లాభమునకై ఒక మనుష్యుని కాలును ఒడ్డితిని. మన గ్రామములలో ఈ అలవాటు ఇంకను కలదు. మడ్‌గార్డులపై పిల్లలను గూర్చుండబెట్టుటయు చూచితిని. సోదరులారా, మనిషి బరువు రాయి కాడు. లోడరు పని చేయు ట్రాక్టరుపై డ్రైవరు తప్ప వేఱొకడు ఎక్కరాదు.

ఎదురు బరువు ఎట్లు ఏర్పఱచుకొనవలెను

వెనుక బరువు చేర్చుటకు మూడు మార్గములు కలవు. వెనుక చక్రములకు పోత ఇనుప బిళ్లలు బిగించుట యొకటి. వెనుక టైర్లలో నీరు నింపుట రెండవది. వెనుక హైడ్రాలిక్ చేతులకు బరువు పెట్టెను తగిలించుట మూడవది. టైరులో నీరు నింపునపుడు వాల్వును పైకి నిలిపి, సుమారు ముప్పాతిక వంతు, అనగా 75 శాతము వఱకే నింపి తక్కినదానిని గాలికి విడువవలెను.

ఈ మూడింటికి ఒక ముఖ్య భేదము కలదు. చక్రపు బిళ్లలును, టైరులోని నీరును వెనుక చక్రములను నేలకు అదిమి పట్టును గాని ముందు ఇరుసు మోతను ఒక్క కిలోగ్రామైనను తగ్గింపవు. ఇరుసునకు వెనుకగా వ్రేలాడు పెట్టె మాత్రము రెండు పనులును చేయును. మన లెక్కనే మఱల చూతము. 600 కిలోగ్రాముల బరువును చక్రములకే చేర్చినచో వెనుక 500 కాస్త 1,100 అగును; ముందు 2,650 అట్లే నిలుచును. అదే 600 కిలోగ్రాములను వెనుక ఇరుసునకు 1 మీటరు వెనుక తగిలించినచో, వెనుక 1,400 అగును; ముందు 2,350 కి దిగును. ఆఱవ వంతు మోసిన వెనుక చక్రములు ఇపుడు మూడవ వంతుకంటె ఎక్కువ మోయుచున్నవి. బరువు ఒకటే, ఉంచిన చోటు వేఱు. కావున వీలున్నచో చక్రపు బరువును, వెనుక పెట్టెను రెండింటిని వాడుడు. ఒక్కటియే వీలైనచో పెట్టెను వాడుడు.

పెట్టెను కొనలేనివారు మంచి వెల్డింగు పనివానిచే చేయించుకొనవచ్చును. పొడవు 1 మీటరు, వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 50 సెంటీమీటర్లు గల పెట్టెలో కాంక్రీటు నింపిన సుమారు 720 కిలోగ్రాములు, పొడి యిసుక నింపిన సుమారు 480, నీరు నింపిన 300 కిలోగ్రాములు తూగును. వీనికి పెట్టె ఇనుము బరువు అదనము. 200 లీటర్ల పీపాలో కాంక్రీటు పోసిన అదియే సుమారు 480 కిలోగ్రాములు. క్రింది రెండు లింకులకు గట్టి పిన్నులును, పై లింకునకు నిలువు కమ్మియు తప్పక యుండవలెను. పై లింకు లేని పెట్టె ఊగి ట్రాక్టరునే కొట్టును. పిన్నులకు తాళపు పిన్నులు వేసి, ప్రక్క గొలుసులను బిగింపుడు. గొలుసులతో కట్టిన విడి రాళ్లు, త్రాళ్లతో కట్టిన బస్తాలు ఎదురు బరువు కావు. పెట్టె సిద్ధముగ లేనపుడు రోటవేటరు వంటి బరువైన పనిముట్టును తగిలించి, నడపక, నేలకు కొంచెము ఎత్తుగా నుంచి వాడవచ్చును; అయితే దాని బరువును ముందుగ తెలిసికొనుడు.

ఎంత బరువు కావలెనో ట్రాక్టరు పుస్తకమును, లోడరు పుస్తకమును చెప్పును, అవియే ప్రమాణము. వెనుక చేతులు ఎత్తగల బరువును, ఇరుసులును టైర్లును మోయగల బరువును ఎన్నటికిని మీఱరాదు. సరిచూచుకొనుటకు మన రైసు మిల్లుల కాటాలు చాలును. బకెట్టు నింపి నేలకు దగ్గరగా నుంచి, వెనుక చక్రములను మాత్రము కాటాపై నిలిపి తూచుడు. పెట్టె తగిలించి మఱల తూచుడు. ఆ రెండంకెలను చూచిన డ్రైవరునకు వేఱు ఉపన్యాస మక్కఱలేదు.

నడుపుటలో జాగ్రత్తలు

ఎదురు బరువు ఉన్నది గదా యని లోడరు శక్తికి మించి ఎత్తరాదు. పెట్టె వచ్చినది నిలుకడ కొఱకు గాని ఎక్కువ యెత్తుట కొఱకు కాదు. బరువుతో నడచునపుడు బకెట్టు నేలకు వీలైనంత దగ్గరగా నుండవలెను. ట్రక్కు వద్దకు చేరి, సమతలమున నిలిచిన తరువాతనే పైకెత్తవలెను. ఎత్తుట, దించుట మెల్లగ జరుగవలెను. పైన కరెంటు తీగెలను చూచుకొనుడు. నిండు బకెట్టుతో గట్టు ఎక్కునపుడు ముందునకును, దిగునపుడు వెనుకకును నడుపుడు. బరువు ఎల్లప్పుడు మెట్టవైపే యుండవలెను. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరైనచో లోడరు పనియందు ఆ గేరును వేసియే యుంచుడు; ముందు చక్రములును ఆపుటకు సాయపడును.

పెట్టె వెనుకకు పొడుచుకొని యుండుటచే మలుపులలో అది వెడల్పుగ తిరుగును. గోడలను, పిల్లలను చూచుకొనవలెను. సీటు దిగునపుడు బకెట్టును, పెట్టెను రెండింటిని నేలకు దించుడు. లోడరును విప్పిన దినమున పెట్టెనుకూడ విప్పుడు. లేనిచో ముందు భాగము తేలి స్టీరింగు నిలువదు, తడి నేల వృథాగా అణగిపోవును, డీజిలు ఖర్చగును.

ట్రాక్టరునకు రక్షణ చట్రమున్నచో సీటు బెల్టు తప్పక కట్టుకొనుడు. చట్రము లేనిచో బెల్టు కట్టరాదు. స్వీడను దేశమున 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు ఈ చట్రమును విధిగా జేసిరి. తిరుగబడిన ట్రాక్టరు క్రింద నలిగి చనిపోవువారి సంఖ్య ఆ దేశమున మిక్కిలి తగ్గినది.

సంఘముల విధి

ఒక్కొక్క రైతు ఈ పెట్టెను చేయించుకొనుట భారమనిపింపవచ్చును. సహకార సంఘము లున్నది ఇట్టి భారములను పంచుకొనుటకే గదా. యంత్రములను అద్దెకిచ్చు సంఘములు లోడరుతో పాటు ఎదురు బరువునుకూడ కొనవలెను. పెట్టెపై దాని బరువును పెద్ద అంకెలతో వ్రాయింపవలెను. అద్దె పుస్తకమున లోడరునకు ప్రక్కనే దానికొక గడి యుండవలెను. పెట్టె లేనిదే లోడరు కొట్టము దాటదని కార్యవర్గము ఒక తీర్మానము చేసినచో, సందు ఇరుకనియు, ప్రొద్దుపోయినదనియు, చిన్న పనియే యనియు చెప్పు సాకులకు చోటుండదు. ఆనాడు నేనున్న గ్రామమున అట్టి నియమ మున్నచో, నా తొందరపాటును అదియే ఆపి యుండెడిది.

ఈ నెల సంఘ సమావేశమున సభ్యులు తమ లోడరు వెనుకకు వెళ్లి ఒకసారి చూడుడు. అక్కడ ఇనుమో, కాంక్రీటో వ్రేలాడుచున్నచో సంతోషము. ఏమియు లేక, నిలుచుటకు వీలుగా అఱిగిన రెండు లింకులు మాత్రము కనబడినచో, ఎక్కినవారెవ్వరో, ఎక్కుమన్నవారెవ్వరో మీలో మీరే విచారించుకొని, మఱునాడే పెట్టెను పురమాయింపుడు.